గినీ పిగ్‌కు ఏ పండు పెట్టాలి: జామా, యాపిలా, బత్తాయా?

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. గినీ పిగ్ కోసం ఒక్క పండే కొనాలంటే జామకాయ కొనండి. రెండోది కూడా కావాలంటే బొప్పాయి, చలికాలమైతే స్ట్రాబెర్రీ. యాపిల్, ద్రాక్ష, అరటి మీ కోసం కొనుక్కోండి. అసలు పండే కొనకుండా ఒక క్యాప్సికం తెచ్చుకున్నా మీ గినీ పిగ్‌కు ఏ లోటూ రాదు. ఎందుకిలా అంటున్నానో, మీ ఇంటికి ఏది నప్పుతుందో కాస్త వివరంగా చూద్దాం.

పండు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న సి విటమిన్ దగ్గర మొదలవుతుంది. కుక్క, పిల్లి, కుందేలు సి విటమిన్‌ను తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనిషికి, గినీ పిగ్‌కు ఆ శక్తి లేదు. రోజూ తిండిలోంచే రావాలి. 1907లో నార్వేలో హోల్‌స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యం మేపితే వాటికి స్కర్వీ, అంటే సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు, వచ్చింది. మనిషి జబ్బు ఒక జంతువులోనూ కనపడటంతో ఆ తర్వాత సి విటమిన్ పరిశోధనకు దారి దొరికింది. ఇప్పుడు పశువైద్యులు చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు. చూలుతో ఉన్నా, జబ్బు పడి లేచినా ఇంకొంచెం ఎక్కువ. పెద్ద గినీ పిగ్ బరువు సుమారు 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి లెక్క కష్టమేం కాదు. ఇది అందకపోతే కొన్ని వారాల్లోనే కీళ్లు వాస్తాయి, బొచ్చు గరుకు తేలుతుంది, చిగుళ్లలోంచి రక్తం వస్తుంది. ఎత్తుకుంటే నొప్పితో అరుస్తుంది.

అలాగని పండ్లు దండిగా పెడితే? అక్కడే చిక్కు. గినీ పిగ్ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. గడ్డి తిని బతికే జంతువు. దాని పేగుల చివర పెద్ద సంచిలాంటి భాగం ఉంటుంది, అందులోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి దానికి శక్తినిస్తాయి. చక్కెర ఎక్కువగా వచ్చి పడితే ఆ సూక్ష్మజీవుల లెక్క తప్పుతుంది. గ్యాస్ పడుతుంది, విరేచనాలు అవుతాయి. పైగా గినీ పిగ్‌కు వాంతి చేసుకోవడం చేతకాదు. లోపలికి వెళ్లింది ఇక వెనక్కి రాదు. ఇంకో సంగతి నోట్లోని పళ్లు. అవి బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. తీపి రుచి మరిగి గడ్డి మానేసిన జంతువుకు పళ్లు పెరిగిపోయి నోరే మూయలేని పరిస్థితి వస్తుంది.

అందుకే పండును ఎంచుకోవడానికి నేను ఒకే ఒక కొలత వాడతాను. ఆ పండులోని ఒక్కో గ్రాము చక్కెరకు ఎన్ని మిల్లీగ్రాముల సి విటమిన్ వస్తోంది? పోషకాహార పట్టికలు ముందు పెట్టుకుని భాగారం చేస్తే సరిపోతుంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో కూడా జామకాయకు 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే ఉంది. రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ వరస పెద్దగా మారదు. జామకాయకు సుమారు 25 వస్తుంది. స్ట్రాబెర్రీకి 12, కివికి 10, బొప్పాయికి 8 దగ్గర, కమలా, బత్తాయి లాంటివాటికి 5 చిల్లర. మామిడికి రెండున్నర. పుచ్చకాయకు ఒకటి కొంచెం పైన. అరటికి, దానిమ్మకు ఒకటి కూడా రాదు. యాపిల్‌కు అర, ద్రాక్షకు పావు కంటే తక్కువ. ఇక పచ్చ క్యాప్సికంకు? 30 దాటుతుంది. కూరగాయ వచ్చి ఈ పండ్లన్నిటినీ ఓడించి కూర్చుంటుంది.

జామకాయా, యాపిలా?

చాలామంది ఇళ్లలో మొదట పెట్టేది యాపిల్ ముక్కే. ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది, పైగా ఆరోగ్యానికి మంచిదని మనకో నమ్మకం. పది గ్రాముల జామకాయలో 20 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటే, పది గ్రాముల యాపిల్‌లో ఉండేది అర మిల్లీగ్రాము. ఆ చిన్న జామ ముక్కలో ఉన్నంత విటమిన్ యాపిల్ నుంచి రావాలంటే అర కిలో దాకా తినిపించాలి. తినే జంతువు బరువే కిలో! యాపిల్ విషమని కాదు, గింజలు తీసేసి ఎప్పుడైనా ఓ ముక్క పెడితే నష్టం లేదు. గింజల్లో మాత్రం సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది, అవి కేజ్‌లో పడకూడదు. యాపిల్ పెట్టి విటమిన్ అందిందనుకోవడమే పొరపాటు.

జామకాయ ఎలా పెట్టాలో కూడా చెప్పాలి. మరీ మగ్గి గది నిండా వాసన కొట్టే పండు కాకుండా, దోరకాయ ఎంచుకోండి. తీపి తక్కువ, కరకరమంటుంది. రైతు బజార్లలో దొరికే పెద్ద తైవాన్ జామ అయితే కండ మందంగా ఉంటుంది, మనకు పని సులువు. నడిమి గింజల గుజ్జు చెంచాతో తీసేయండి. గింజలు విషం కాదు గానీ గట్టివి. తొక్క తీయొద్దు, తొక్కను ఆనుకుని ఉన్న కండలోనే సి విటమిన్ ఎక్కువ. బొటనవేలి గోరంత వెడల్పు ముక్క పెట్టి చూడండి. ముందు పళ్లతో తొక్క అంచు పట్టుకుని, ముక్కను తనవైపు లాక్కుని, మూల కూర్చుని, పక్కదానికి వీపు తిప్పి తింటుంది. రెండు గినీ పిగ్‌లు ఉంటే రెండు ముక్కలు రెండు చివర్లలో పెట్టండి, లేదంటే ఒకటి రెండోదాని నోట్లోంచి లాగేస్తుంది.

బండి మీద కోసి ఉప్పూ కారం చల్లిన జామకాయ మాత్రం వద్దు. కారం లేకుండా ఇమ్మన్నా, అదే కత్తి, అదే చెక్క. కాయ కొనుక్కొచ్చి ఇంట్లో కోసుకోండి.

బత్తాయి, కమలా

నల్గొండ బత్తాయి మనకు దగ్గరి సరుకు, ఏడాదిలో చాలా నెలలు దొరుకుతుంది. విటమిన్ బాగానే ఉంటుంది. ఇబ్బంది పులుపుతో. పెదాల చుట్టూ చిన్న పగుళ్లో పుండ్లో ఉన్న గినీ పిగ్‌కు పులుపు మంట పుట్టిస్తుంది. కొన్ని ఆత్రంగా తింటాయి, కొన్ని వాసన చూసి తల తిప్పేస్తాయి. తినేదైతే అర తొన చాలు, గింజలూ పైనున్న మందపు పొరా తీసి. రెండిట్లో ఏది అంటే పులుపు తక్కువని నేను బత్తాయికే ఓటు వేస్తాను. కానీ జామకాయ దొరికిన రోజున రెండూ అక్కర్లేదు.

ఉసిరి సంగతి అడుగుతారు. విటమిన్‌లో జామ కంటే ఒక మెట్టు పైనే, చక్కెర కూడా తక్కువే. కాగితం మీద దానికి పోటీ లేదు. కేజ్ దగ్గర కథ వేరు. ఆ వగరుకు చాలా గినీ పిగ్‌లు నోరు పెట్టవు. కార్తీకమాసంలో తాజా కాయలు వచ్చినప్పుడు పల్చటి చీలిక ఒకటి ఇచ్చి చూడండి, తింటే అదృష్టం. ఊరగాయ పెట్టింది, మురబ్బా, ఉప్పులో ఎండబెట్టిన ముక్కలు ఏవీ పనికిరావు.

వేసవి: మామిడి, పుచ్చకాయ, కీర

హైదరాబాద్ ఎండాకాలం గినీ పిగ్‌కు నిజమైన పరీక్ష. దానికి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది. పుచ్చకాయ పెడితే చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. నీళ్లయితే అందుతాయి, నిజమే, పుచ్చకాయలో తొంభై శాతం పైగా నీళ్లే. కానీ చక్కెర ఆరు శాతం, విటమిన్ అంతంతమాత్రం. అదే పని కీర దోసకాయ రెండు శాతం లోపు చక్కెరతో చేసి పెడుతుంది. కాబట్టి ఎండాకాలంలో రోజువారీకి కీర చక్రాలు, పుచ్చకాయ ఎప్పుడో ఒకసారి. ఎర్రటి గుజ్జు తక్కువ, దాని కింద ఉండే తెల్లటి భాగం ఎక్కువ పెట్టండి, అది కొరకడానికీ బాగుంటుంది. గింజలు తీసేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాకుండా కాసేపు బయట ఉంచి పెట్టండి. అసలు చల్లదనం పండుతో రాదు. కూలర్ గాలి నేరుగా తగలకుండా నడిచే గదిలో, కింద పరిచిన టైల్ మీద, రెండు పూటలా మార్చిన నీళ్లతో వస్తుంది. వేడికి పక్కకు వాలి ఆయాసపడుతుంటే పండు సంగతి మర్చిపోండి, తడిబట్ట పట్టుకుని డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

మామిడి విషయంలో నా మాట కొంచెం కఠినంగా అనిపించవచ్చు. ఇంట్లో అందరూ బంగినపల్లి తింటుంటే ఆ వాసనకు కేజ్‌లోంచి కేకలు మొదలవుతాయి. ఇవ్వకుండా ఉండటం కష్టమే. చక్కెర 14 శాతం దాకా ఉంటుంది, కాబట్టి తొక్క తీసిన చిన్న ముక్క, సీజన్‌లో వారానికి ఒక్కసారి. తొక్క ఎందుకు వద్దంటే మామిడి సొనలో చర్మాన్ని రేపే గుణం ఉంది. ఇంకో టెన్షన్ కార్బైడ్. కార్బైడ్ గ్యాస్‌తో మాగబెట్టిన పండ్లు అమ్మడం చట్టప్రకారం నిషేధమే అయినా ఆ మాట ప్రతి వేసవిలోనూ వింటూనే ఉంటాం. కాయలు తెచ్చి ఇంట్లో గడ్డిలో మాగేసుకునేవాళ్లకు ఆ బెంగ లేదు. పచ్చి మామిడికాయ, దాని పులుపు, సొన ఏదీ వద్దు.

బొప్పాయి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అదే దాని గొప్పతనం. ఏడాది పొడవునా దొరుకుతుంది, పులుపు లేదు, విటమిన్ బాగుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి పళ్ల సమస్య ఉన్న ముసలి గినీ పిగ్ కూడా తినగలదు. గింజలు, తొక్క తీసేయాలి. పచ్చికాయ పాలు మంచివి కావు, పండినదే పెట్టాలి.

ద్రాక్ష, అరటి, దానిమ్మ

హైదరాబాద్ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరు పడ్డ ఊరు. ఇప్పుడు బండ్ల మీద కనిపించేది ఎక్కువగా గింజల్లేని రకాలే. గింజల్లేనివి గినీ పిగ్‌కు పెట్టొచ్చు, కుక్కలకు చేసినంత కీడు వీటికి చేయవు. అయినా తీపి బిళ్ల తప్ప అందులో ఏముంది? మందులు ఎక్కువగా కొట్టే పంట, గుండ్రంగా ఉండి గొంతులో అడ్డం పడే ప్రమాదం కూడా. ఇవ్వాలనిపిస్తే ఉప్పునీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, ఒక పండు నిలువునా చీల్చి సగం. దానిమ్మ గింజలు మూడో నాలుగో వేస్తే ఏరుకుని తినడం చూడ్డానికి సరదాగా ఉంటుంది, అంతకు మించి లాభం లేదు. అరటిపండు పల్చటి బిళ్లలో సగం, నెలకు ఒకటీ రెండుసార్లు. మందు మింగనని మొండికేసే జంతువుకు మాత్రం అరటి గుజ్జులో మందు కలిపి ఇవ్వడం పనికొచ్చే కిటుకు.

పూజ చేసుకునే ఇళ్లలో ఒక జాగ్రత్త. కొబ్బరిముక్క, పసుపు కుంకుమ అంటిన అరటిపండు "ప్రసాదం కదా, దానికీ కొంచెం" అని పెద్దవాళ్లు కేజ్‌లో పెడతారు. "నోరు లేని జీవం, పొద్దస్తమానం గడ్డేనా పాపం" అని వాళ్ల బాధ. వద్దని వాదించే కన్నా వాళ్ల చేతికే ఒక కొత్తిమీర కట్ట ఇచ్చి రోజూ నాలుగు రెమ్మలు పెట్టమనండి. పెట్టిన తృప్తి వాళ్లకు, ఆకుకూర దానికి.

అసలు పెట్టకూడనివి

సీతాఫలం గుజ్జు చక్కెర ముద్ద, గింజలు విషం. పేలు చావడానికి ఆ గింజల పొడి తలకు పట్టించేవారని మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. అలాంటిది అరచేతిలో పట్టే జంతువు దగ్గరికి రానివ్వకండి. సపోటా, పనస తొనలు కూడా తీపి మోతాదు చాలా ఎక్కువ, జిగురు వేరే. సూపర్‌మార్కెట్లలో ఇప్పుడు బాగా దొరుకుతున్న అవకాడో అసలే వద్దు. ఎండుద్రాక్ష, ఖర్జూరం, అంజీర్ లాంటి డ్రైఫ్రూట్స్, డబ్బా పండ్లు, జ్యూస్, జామ్ ఇవన్నీ పండు పేరు పెట్టుకున్న చక్కెరే. పెట్ షాపుల్లో రంగురంగుల ఎండు పండ్ల ముక్కలు, గింజలు కలిపిన ఫుడ్ ప్యాకెట్లు అమ్ముతారు. అవి కొనే డబ్బుతో మంచి గడ్డి వస్తుంది.

పండు బదులు డ్రాప్స్ వేస్తే?

నీళ్లలో కలిపే సి విటమిన్ చుక్కలు చాలామంది వాడతారు. వెలుతురుకు, నీటిలో, ఆ విటమిన్ త్వరగా చెడిపోతుంది. రుచి మారిందని జంతువు నీళ్లే తాగడం తగ్గిస్తే మరో తలనొప్పి. మందుల షాపులో దొరికే నారింజ రుచి చప్పరింపు మాత్రల్లో చక్కెర కలిపి ఉంటుంది. గినీ పిగ్ పెల్లెట్లలో (గుళికల మేతలో) విటమిన్ కలుపుతారు గానీ తయారైన మూడు నెలల తర్వాత దాని మీద ఆధారపడలేం. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూసి, చిన్న ప్యాకెట్ కొనండి. కుందేలు పెల్లెట్లలో అది అసలు కలపరు, ఆ ప్యాకెట్ చౌకగా దొరికినా వద్దు. స్కర్వీ లక్షణాలు కనిపించాయా, అప్పుడు డాక్టర్ చెప్పిన మోతాదులో నేరుగా నోట్లో వేసే మందే దారి. ఆరోగ్యంగా ఉన్నదానికి మాత్రం మధ్యరకం క్యాప్సికంలో ఐదో వంతు, అంటే 25 గ్రాముల ముక్క, రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చేస్తుంది. గింజలు, తొడిమ తీసేస్తే చాలు. ఎరుపు, పసుపు రంగువాటిలో విటమిన్ ఇంకా ఎక్కువ, ధర కూడా ఎక్కువే. పచ్చదే సరిపోతుంది.

ఇంత చెప్పాక మోతాదు: పండు ఏదైనా 5 నుంచి 10 గ్రాములు, వారానికి రెండుసార్లకు మించకుండా. వంటింటి తూకం ఉంటే ఒకసారి తూచి కళ్లకు అలవాటు చేసుకోండి, ఆ తర్వాత తూకం అక్కర్లేదు. రెండు పండ్లు ఒకే రోజు వద్దు. మిగతా తిండిలో సింహభాగం గడ్డి, అదీ ఎప్పుడూ అందుబాటులో. టిమోతీ గడ్డి మనకు బయటి నుంచి రావాలి కాబట్టి ఖరీదు. పురుగుమందు, కుక్కల మూత్రం తగలని చోట పెరిగిన గరిక కడిగి పెడితే అది పుచ్చకాయ కంటే ఇష్టంగా తినే గినీ పిగ్‌లు ఉన్నాయి. ఎండు వరిగడ్డి పరుపుకు సరే, తిండికి పోషకం తక్కువ.

ఎవరికి ఏది అంటే, లావెక్కిన గినీ పిగ్‌కు పండు ఆపేసి క్యాప్సికం, కీర. మూత్రంలో రాళ్లు వచ్చి ఉంటే పాలకూర, లూసర్న్ గడ్డి తగ్గించడం పండు కంటే ముఖ్యం, పండుగా జామ ముక్క ఉండొచ్చేమో డాక్టర్‌ను అడగండి. చిన్నపిల్లలున్న ఇంట్లో పొద్దున్నే వారానికి సరిపడా ముక్కలు కాకుండా ఆ రోజు ముక్క మాత్రమే కోసి వాళ్ల చేతికి ఇవ్వండి, లేకపోతే గిన్నె ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉంటారు. ఊరెళ్తూ పక్కింటివాళ్లకు అప్పగిస్తుంటే పండు మాటే ఎత్తొద్దు. గడ్డి, నీళ్లు, పెల్లెట్లు, క్యాప్సికం అని కాగితం మీద రాసి కేజ్‌కు అంటించి వెళ్లండి.

కొత్త పండు పెట్టిన రోజు, మర్నాడు పెంటికలు చూడండి. ముదురు రంగులో, గట్టిగా, పొడుగుగా ఉంటే సరిపడ్డట్టే. మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంటే పండూ కూరగాయలూ ఆపి, గడ్డి నీళ్లతో ఒకటి రెండు రోజులు నడపండి. నీళ్ల విరేచనమైనా, కడుపు డప్పులా ఉబ్బినా, అర పూట దాటి ఏమీ తినకుండా ముడుచుకుని కూర్చున్నా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఊళ్లో కుక్కలూ పిల్లులే ఎక్కువగా చూసే క్లినిక్‌లు చాలా ఉన్నాయి కాబట్టి ముందే ఫోన్ చేసి గినీ పిగ్‌లను చూస్తారా అని అడిగి పెట్టుకోండి. వాళ్లు యాంటీబయాటిక్ రాస్తే అది అమాక్సిసిలిన్, పెనిసిలిన్ జాతి మందు కాదు కదా అని అడగడానికి మొహమాటపడకండి. నోటి ద్వారా ఇచ్చే ఆ మందులు గినీ పిగ్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తాయి.